చీరల అరలో చేరిన ముగ్గు

ధర్మవరంలో ఈ మగ్గాల ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే ఒక బరువు ఎత్తుకున్నాను. ఇన్నేళ్లూ దించలేదు. ఎవరి ముందు దించాలి? ఇంట్లో నా మాటకు ఎదురు లేదు. అలాంటి మనిషికి తల వంచడం చేతకాదు. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెబుతున్నాను.

మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఫోను నా చేతిలో బాగా నడుస్తుంది. ఈ మాట గొప్పగానే చెప్పుకుంటాను. ఏదీ పారేసే అలవాటు నాకు లేదు. తెగిన పట్టుపోగును కూడా చుట్టి పెడతాను. ఫోనులోనూ అంతే. చీర, వంట, ముగ్గు, మోకాళ్ల నొప్పికి చిట్కా, ఏది కనిపించినా సేవ్ నొక్కి దాచాను. చివరికి ఆ కుప్పలో కావలసింది దొరకడమే మానేసింది. అప్పుడు మనవరాలు భార్గవి ఒక ఏఐ యాప్ పెట్టింది. నోటితో చెబితే చాలు, బొమ్మలు చూసి అరలుగా సర్దుతుందట. చీరలు ఒక పక్క, ముగ్గులు ఒక పక్క, వంటలు ఒక పక్క అని కోడళ్లకు చెప్పినట్టే గట్టిగా చెప్పాను. బుద్ధిగా సర్దింది.

ఒక్కటి తప్ప. మా ఇంటికి పేరు తెచ్చిన నా చీర అంచు పక్కనే ఒక ముగ్గు వీడియో పెట్టింది.

"చూడవ్వా, దీనికి బుద్ధి ల్యా. ముగ్గును తెచ్చి నీ చీర పక్కన ఏసిండాది," అని భార్గవి నవ్వింది.

"మిషను గదా. తీసి ముగ్గుల్లో ఎయ్," అన్నాను.

వేసేసింది. మిషను తప్పు చేయలేదని నాకొక్కదానికే తెలుసు.

ఆ ముగ్గు నా తోడికోడలు రత్నమ్మది. ఇప్పుడు పెనుకొండలో ఉంటుంది. వీడియో పెట్టింది ఆమె కూతురు. అందరం ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో ప్రతి శుక్రవారం రత్నమ్మ మగ్గం గది గడప ముందు ఆ ముగ్గే వేసేది. మెలికల మధ్య తామర మొగ్గ, కిందికి వాలి ఉండేది. ఒకరోజు ఆమె నీళ్లకు పోయినప్పుడు గళ్ల కాగితం మీద దించుకున్నాను. తర్వాత గడప కడిగింది కూడా నేనే. మురికిగా ఉందని కడిగానా? ఆనవాలు ఉండకూడదని కడిగానా?

మగ్గానికి నమూనా అందించే జకార్డు అట్టలు కొట్టించి దాన్ని చీర అంచుగా నేశాను. హిందూపురం షావుకారు చీర మడత విప్పి చూసి, ఇది ఎవరి ఆలోచన అని అడిగాడు. నాదే అన్నాను. ఆయన పోయాక, పక్కనే పట్టుపోగును కండెలకు చుడుతున్న రత్నమ్మ లేచి వచ్చింది.

"ఏమక్కా, ఈ మొగ్గ నా ముగ్గులోది మాదిరుండాదే?"

"చుక్కలు పెట్టినోళ్లందరికీ మొగ్గలే వస్తాయి. కండెలు ఆడ అట్లే ఉండాయి, చుట్టుపో."

"నా మొగ్గ కిందికి చూస్తాది గదక్కా. ఇదీ అట్లే చూస్తాండాది."

నేను పోయి మగ్గం మీద కూర్చున్నాను. ఆమె మళ్లీ ఎన్నడూ అడగలేదు. మా గడపలో ఆ ముగ్గూ మళ్లీ వేయలేదు.

దొంగిలించానా? అవును. కానీ పట్టులో ఆ మెలిక విరగకుండా తిప్పడం ఈ ఊళ్లో నాలా ఎవరికి చేతనైంది? ఆ గర్వం ఇప్పటికీ ఉంది, వదులుకోను. మరి ఆ వీడియో కంటబడినప్పుడు చూసి వదిలేయక ఎందుకు దాచుకున్నాను? ఫోనులో మా చీరలు అమ్మే పేజీలో ఆ అంచును "మా అవ్వ ఆలోచన" అని పెడతానని భార్గవి అంటే, సరేనని ఎలా అన్నాను?

ఈ పొద్దున ఫోను తీసుకుని, ఆ ముగ్గును తిరిగి నా చీర పక్కనే పెట్టమన్నాను. ఆ రెంటికీ ఏం పేరు పెట్టాలని యాప్ అడిగింది. "రత్నమ్మ అంచు" అన్నాను. ఆ మాట నా గొంతులో నేను వినడం అదే మొదలు. వంటింట్లో దోసె వేస్తున్న భార్గవి కూడా విని, ఇటు తిరిగింది.

క్షమించమని అడగడం నాకు రాదు. రత్నమ్మ ఏమంటుందో తెలియదు. నేత నాది. మొగ్గ ఆమెది.