డిక్కీలో ఉప్పు డబ్బా

అమ్మకు కిడ్నీలు చెడిపోయినాక ఇంట్లో ఉప్పు మీద పెత్తనం నాదైపోయింది. డాక్టరు తగ్గించమన్నాడు, నేను పూర్తిగా మాన్పించినాను. నాది ముందునుంచీ అంతే, ఏదన్నా పట్టుకున్నానంటే ఉడుంపట్టు.

అమ్మ పుట్టింది పలమనేరులో, పెళ్లయి వచ్చింది తిరుపతికి. సముద్రం ఎప్పుడూ చూడలేదు. "ఒక్కసారి సూపీ మే" అని శానా దినాలు అడిగింది. డయాలసిస్ లేని దినం చూసుకోని వాకాడు దిక్కు పోయినాము, అమ్మ, నేను, నా ఇద్దరు బిడ్డలు. హోటలు కూడు ఆమెకు పడదని, మనమే వండుకునే వసతి ఉండే ఇల్లు సముద్రం పక్కనే ఒకటి అద్దెకు తీసుకున్నాను. గ్యాసు, గిన్నెలు అన్నీ ఉన్నాయి. ఉప్పు డబ్బా కూడా. దిగీదిగంగానే దాన్ని తీసుకుపోయి కారు డిక్కీలో పెట్టి తాళమేసినాను.

"ఈ పూట నేను చేస్తా" అనింది అమ్మ. ఎన్నాళ్లకో పొయ్యి ముందర నిలబడింది. చేపల పులుసు, రాగి సంగటి. పులుసు కుతకుతా ఉడుకుతాంటే ఆమె చెయ్యి దానంతటదే గట్టు మీద తడిమింది. డబ్బా లేదు. నా మొహం చూసి, గంటె తీసుకోని పులుసు కలబెట్టింది.

బిడ్డలు ఒక ముద్ద తిని, "సప్పగా ఉండాది అవ్వా" అని తట్టలు పక్కకు జరిపినారు. అమ్మ వంటను ఒకరు వద్దనడం నేను పుట్టినాక చూడలేదు.

"రోంత ఉప్పు తెచ్చియ్యి మే, బిడ్డలకన్నా" అనింది.

"బిడ్డల పేరు చెప్పి నువ్వు తినేదానికా? అందరూ చప్పిడే తినండి!" అని కసిరినాను. ఒక్క పూట నోటికి రుచిగా తినాలని ఆమెకు. ఇంకొన్నేళ్లు ఆమె నాకుండాలని నాకు. ఇంతే మా గొడవ.

సాయంత్రం చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోని నీళ్లల్లో నిలబడింది. అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్ల మాదిరి కేకలేసింది. నేను బిడ్డల దిక్కు తిరిగి మళ్లీ చూస్తే, తడి వేళ్లు నోట్లో పెట్టుకోని చప్పరిస్తా ఉండాది. పరిగెత్తిపోయి చెయ్యి లాగినాను. "సచ్చిపోవాలని ఉండాదా మా నీకు!" అని అందరి ముందరా అరిచినాను.

అమ్మ నవ్వింది. "ఇంట్లో ఉప్పు దాచినావు, ఈడా దాచినావు. దీన్ని యాడ దాస్తావు మే?"

బిడ్డలు పడీపడీ నవ్వినారు. నాకూ నవ్వొచ్చింది గానీ చెయ్యి మాత్రం వదల్లేదు. మర్నాడు బయల్దేరే ముందు డబ్బా తెచ్చి గట్టు మీద ఎప్పటి చోట పెట్టినాను. అమ్మ చూస్తానే ఉండింది.

ఆ ఏడాది దాటకుండానే ఆమె పోయింది. డయాలసిస్ మంచం మీదనే గుండె ఆగిపోయింది.

పెద్ద దినం నాడు ఆమెకు ఇష్టమైనవి నేనే వండినాను. ఇంకెవర్నీ పొయ్యి దగ్గరికి రానియ్యలేదు. చేపల పులుసు, సంగటి. పటం ముందర విస్తరాకులో వడ్డించి, తలుపు దగ్గరికేసి అందరం బయట నిలబడినాము, అమ్మ వచ్చి తిని పోతాదని. తొందరపడి తలుపు తియ్యొద్దు, ఆమె నిదానంగా తింటాదని నేనే అందరికీ చెప్పినాను.

ఆ తర్వాత అదే కూడు పంక్తిలో వడ్డించినాము. నా కూతురు ఒక ముద్ద నోట్లో పెట్టుకోని నా దిక్కు చూసింది.

"అమ్మా, ఉప్పు మర్చిపోయినావా?"

అమ్మ అప్పటికే తిని పోయింది.