అద్దె పెరట్లో అరిసెల పొయ్యి

మొన్న గవర్నర్‌పేటలో ఒక మిఠాయి కొట్టులో ప్లాస్టిక్ డబ్బాలో అరిసెలు కనిపిస్తే కొని ఒకటి కొరికాను. పన్ను కదిలింది గాని అరిసె కదల్లేదు. మా మేనత్త చూసి ఉంటే కొట్టువాడికి ఆ డబ్బాతోనే దిష్టి తీసేది.

తొంభైల్లో పటమటలో అద్దెకుండేవాళ్ళం. ఇంటాయన పెరడంతా కొత్త గచ్చు చేయించి, సంక్రాంతి ముందు మా గుమ్మంలో నిలబడి, "ఇక్కడ కట్టెల పొయ్యి వెలిగిందా, పండగ మర్నాడే ఇల్లు ఖాళీ చెయ్యాలండీ" అన్నాడు. గ్యాసు మీదే చేసేద్దామంది అమ్మ. ఆ అద్దెకి బెజవాడలో ఇంకో వాటా దొరకదు. మాతోనే ఉండే అత్తయ్య అప్పటికే కొత్తబియ్యం నానబోసేసింది. "గ్యాసు మీద అరిసెల పాకమా? కొత్తబియ్యానికి ఆ మర్యాదైనా చెయ్యొద్దా? నువ్వు బెల్లం కొట్టు వదినా" అంది.

భోగి ముందురోజు పెరట్లో మూడిటుకల మీద మంట లేచింది. ఆ బెల్లం వాసనకి గన్నవరంలో దిగాల్సిన విమానం మా ఇంటి మీద రెండు చుట్లు తిరిగింది. నమ్మనివాళ్ళు పైలట్‌ని అడగొచ్చు. ఇంటాయన మాత్రం విమానంకన్నా ముందే దిగాడు.

"ఏంటండీ ఇది? నేనేం చెప్పాను?"

అత్తయ్య తలెత్తలేదు. నీళ్ళలో వేసిన పాకం చుక్క ఆమె వేళ్ళ మధ్య ఉండ కట్టింది. క్షణం ఆగితే ముదిరిపోతుంది. పిండి పొయ్యడానికి నేనున్నాను. తిప్పడానికి గట్టి చెయ్యి కావాలి, నాన్న ఇంకా ఆఫీసు నుంచి రాలేదు.

"పాకం వచ్చేసింది అన్నయ్యగారూ, ఆ తెడ్డు అందుకోండి!"

"నేనా?"

"మీ గచ్చొచ్చి తిప్పుతుందా? ఊఁ, కానివ్వండి!"

పాకం చెడితే పాపం తనకి చుట్టుకుంటుందనే భయం ఆయనకీ ఉన్నట్టుంది. పంచె ఎగ్గట్టి, చలిమిడి బిగిసేదాకా తిప్పాడు. నువ్వులద్ది, వేయించి, చెక్కల మధ్య నూనె పిండిన తొలి అరిసె ఆయనకే పెట్టింది అత్తయ్య. తిని చెయ్యి తుడుచుకుని, "అరిసె బ్రహ్మాండం. ఖాళీ మాత్రం చెయ్యాల్సిందే" అన్నాడు.

"పండగ మర్నాడు కనుమ కదండీ. కాకి కూడా కదలదు."

"అయితే ముక్కనుమ."

"పండక్కొచ్చే మీ అల్లుడుగారి ముందు మా మంచాలు వీధిలో పెట్టిస్తారా?"

"ఆ తరవాత?"

"మంచిరోజు చూసి చెప్తాలెండి."

ఏటేటా పొయ్యి వెలిగింది, ఏటేటా ఆయనే తిప్పాడు, ఏటేటా అడిగాడు. రెండువేల సంవత్సరం దాటినా అత్తయ్య పంచాంగంలో ఆ మంచిరోజు రాలేదు. కాలం చివరికి ఎవరిచేతైనా ఇల్లు ఖాళీ చేయిస్తుంది గాని, అత్తయ్య గుమ్మంలో అది కూడా చాలా ఏళ్ళు చేతులు కట్టుకునే నిలబడింది.