అమావాస్యనాడు సముద్రం

మార్గశిర అమావాస్య, సోమవారం, తెల్లవారుజామున నాలుగు గంటల పది నిమిషాలు. మన్సూరాబాద్‌లో మా ఇంటి ముందర కారు ఎక్కాం. అప్పటికి నేను చదువు నేర్చి ఏడాది. కనబడిన గడియారమల్లా చూసి క్యాలెండర్ మీద రాసేదాన్ని, అందుకే నిమిషాలతో సహా చెబుతున్నాను.

మా ఆయన నలభై ఏళ్లు గుంత మగ్గంలో కూర్చుని చీరలు నేశాడు. మావాళ్లు అమావాస్యనాడు మగ్గం ముట్టరు. పెళ్లయిన కొత్తలో ఏ ఊరికి పోయినా ఆ ఒక్కరోజే. చుట్టాల ఊళ్లకు పోయి, చెలకల్లో సజ్జ కంకులు కాల్చుకు తిని, పొద్దుగూకేసరికి ఇల్లు చేరేవాళ్లం. మగ్గం మానేసి దిల్‌సుఖ్‌నగర్‌లో కొడుకు చీరల దుకాణంలో కూర్చున్నాక కూడా ఆయన లెక్కలో సెలవంటే అమావాస్యే. సముద్రానికైనా ఆ రోజే పోదామన్నాడు. సోమవారమని చూడకుండా ఆరేళ్ల మనుమరాలి బడి మాన్పించాం.

ఆ వానాకాలం ఆయన బాత్‌రూంలో జారిపడ్డాడు. ఎముక విరగలేదు. మోకాలు వాచింది, తగ్గింది, నడవమని డాక్టరు చెప్పాడు. ఈయన మాత్రం మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. మళ్లీ పడతానని భయం. భయమని ఒప్పుకోడు, నొప్పి అంటాడు. ఇట్లాగే ఉంటే కాళ్లు పూర్తిగా పడిపోతాయని నా గుబులు. సముద్రం చూడాలని ఆయనకు ఎప్పటి నుంచో కోరిక. దానికోసమైనా నాలుగడుగులు వేస్తాడని కొడుకు బాపట్ల వైపు బండి తిప్పాడు.

పదకొండుకు చేరాం. అలలు మనిషెత్తు లేస్తున్నాయి. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన చేయి అడ్డం పెట్టాడు.

"చిన్నపిల్లనేసుకుని అమావాస్యనాడు వచ్చారేంటండీ? పోటు మీదుంది సముద్రం. దగ్గరికెళ్లకండి."

మా ఆయన కారులోంచే, "చూసినవా? నేను ఒద్దనే అన్న" అన్నాడు.

"ఎప్పుడన్నవయ్యా? కొత్త లాల్చీ తొడుక్కొని మూడు గంటలకే కూసున్నవ్" అన్నాను నేను.

కోడలు నవ్వాపుకోలేక అటు తిరిగింది.

"మూడింటిదాకా ఆగండమ్మా" అన్నాడు వలాయన. "ఇవాళ పోటు ఎంత పైకొచ్చిందో ఆటు అంత లోపలికి పోద్ది. మామూలప్పుడు అంత ఇసక బయటపడదు."

సరుగుడు చెట్ల కింద చాప పరిచి జొన్నరొట్టెలు తిన్నాం. మూడు దాటాక చూస్తే నీళ్లు ఎక్కడికో జరిగాయి. తడి ఇసుక అలికిన వాకిలిలా సమంగా, గట్టిగా ఉంది. పొడి ఇసుక మీద నేనూ కొడుకూ చెరో రెక్క పట్టి ఆయన్ని నడిపించాం. తడి ఇసుక రాగానే నేను చేయి వదిలేశాను. కొడుకును కూడా వదలమన్నాను.

"ఏందమ్మా, పడతడు."

"పడితే ఇసుకల్నే కదా పడేది. ఇడిసిపెట్టు."

వదిలాడు. ఆయన నా వైపు చూసి, "నీకు కనికరం లేదే" అన్నాడు.

"లేదు. నడువు."

"తాతా, ఈడ జారది. నేను దుంకి చూసిన" అంది మనుమరాలు, మళ్లీ దుంకి చూపించింది.

ఆయన బొటనవేలితో ఇసుకను నొక్కి చూశాడు. ఒక అడుగు వేశాడు. ఆగాడు. ఇంకొకటి. లెక్కపెట్టలేదు గానీ, నీళ్లు పాదాలను తాకేదాకా ఎవరినీ పట్టుకోలేదు. అక్కడ నిలబడి, వంగి, అరచేతిలో కాసిని నీళ్లు తీసుకుని నాకి ఉమ్మేశాడు.

"గిన్ని నీళ్లుండి, నూలు తడుపనీకి ఒక్క బిందె పనికిరాదు" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పొడి ఇసుకలో నా భుజం మీద చేయి వేశాడు, అంతే. ఇప్పుడు రోజూ పొద్దున్నే కాలనీ పార్కు చుట్టూ నడుస్తున్నాడు. నొప్పి ఉందంటాడు, అయినా పోతాడు. మొన్న ఎల్బీ నగర్ దాకా పోయి కూరగాయలు తెచ్చాడు. వంకాయలన్నీ పుచ్చులే.

ఆ రోజు ఆయన నడవడం చూసినవాళ్లం ఇంతమందిమి: నేను, మా కొడుకు, కోడలు, మనుమరాలు, పేరడగడం మరిచిపోయిన ఆ వలాయన.