మిద్దె మీది వరుస

మా ఆటోస్టాండు ఎదుట నెట్ సెంటర్ ఉంది. కరెంటు పోయినప్పుడల్లా అందులోని యూపీఎస్ కీచుకీచుమని మొదలుపెడుతుంది. అందరికీ అది చిరాకు. నాకు మాత్రం ఆ చప్పుడు వెంట యూరియా వాసన, ఎండకు కాలిన మిద్దె, సుధాకర్ సారు గొంతు వచ్చేస్తాయి. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాడికి కాలేజీ సారు గుర్తుండడమేమిటని మావాళ్లు నవ్వుతారు. నేను మానేసినరోజు బడి ఊపిరి పీల్చుకుంది గాని, ఈ సారు మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

రెండు వేల నాలుగో, ఐదో. మా చెల్లె పద్మ ఇంటర్ పాసై, డిగ్రీలో కంప్యూటర్లే చదువుతానని పట్టుబట్టింది. పెద్దమందడిలో మా ఇంట్లో అప్పటికి కంప్యూటర్‌ను ముట్టుకున్నవాళ్లు లేరు. నాయిన ఒకటే మాటన్నాడు. "యాడ చేరితే ఆడనే మూడేండ్లు. నచ్చలేదని మధ్యల వస్తే మల్ల పంపియ్య." ఉన్న ఆ ఒక్క అవకాశాన్ని ఎక్కడ పెట్టాలో చూసి రమ్మని నన్ను తోడు పంపాడు. చదువు మానేసినవాడికి కాలేజీ ఎంచే పని ఇవ్వడం మా ఇంట్లోనే చెల్లుతుంది.

పద్మ మనసు హైదరాబాద్ దారిలోని పెద్ద కాలేజీ మీద ఉంది. నాలుగంతస్తులు, ఎటు చూసినా అద్దాలు. కంప్యూటర్ల గదిని కూడా అద్దంలోంచే చూపించారు. లోపలికి పోనియ్యరా అని అడిగితే, "చేరినంక" అన్నాడు ఆఫీసాయన. "పెండ్లిచూపులల్ల గూడ పిల్లతోని మాట్లాడనిస్తరు గద సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. పద్మ నా కాలు తొక్కింది.

రెండోది వనపర్తిలోనే, ఎరువుల దుకాణం పైన. మేం మెట్లెక్కుతుండగానే కరెంటు పోయింది. లోపల యూపీఎస్‌లన్నీ అరుస్తుంటే, చొక్కా చేతులు మడిచిన ఒక బక్కపలచని మనిషి ఒక్కొక్క కంప్యూటరే ఆపిస్తున్నాడు.

"సార్, మీ కంప్యూటర్లు ఏడుస్తున్నయి."

"పాలు బందైనయి తమ్మీ, ఏడువవా మరి? మీరు గూడ మిద్దె మీదికి రాండ్రి. కరెంటు లేకుంటే మా క్లాసు ఆడనే."

ఆయనే సుధాకర్ సారు. నా జోకుకు జోకు తిరిగిచ్చిన మొదటి సారు. అంతకుముందు సార్లంతా బెత్తమే ఇచ్చారు.

మిద్దె మీద చాక్‌పీసుతో గీతలు గీసి పిల్లల్ని వరుసగా నిలబెట్టాడు. పొట్టివాళ్ల నుంచి పొడుగువాళ్ల దాకా సర్దుకోవాలి. నన్ను పిలిచి చిట్టచివర నిలబెట్టాడు. అందరికన్నా పొట్టి నేనే కాబట్టి నేరుగా ముందుకు ఉరికాను.

"ఆగు తమ్మీ. కంప్యూటర్‌కు అందరు ఒక్కసారి కనపడరు. పక్కనున్నోన్నే చూడాలె. ఆయన నీకంటె పొడుగుంటే చోటు మార్చుకోవాలె."

మొదటి నుంచి ఇద్దరిద్దరినీ పోల్చుకుంటూ చివరిదాకా వస్తే ఒక చుట్టు. చుట్టు తిరిగినప్పుడల్లా నేను ఒక్క అడుగే జరుగుతున్నాను. ఎండ మాడు పగలగొడుతోంది. "సార్, నేను ముందటికి పోయేసరికి మా చెల్లె డిగ్రీ అయిపోతది" అన్నాను. అందరూ నవ్వారు. గోడవారగా నిలబడ్డ పద్మ నవ్వలేదు.

"సార్, ఒక చుట్టు ఆ కొసకెంచి మొదలువెడితే? అన్న ఒక్కసారే ముందటికి పోతడు గద."

సారు వరుసను చూశాడు, నన్ను చూశాడు. చాక్‌పీసు ఆమె చేతికిచ్చి పక్కకు తప్పుకున్నాడు. "నడిపియ్యి బిడ్డా. చూద్దాం."

పద్మ నడిపించింది. జీవితమంతా చివరి బెంచీలో కూర్చున్నవాణ్ణి, ఒక్క చుట్టులో అందరినీ దాటి ముందుకొచ్చి నిలబడ్డాను. కింద కరెంటు వచ్చింది. ఎవరూ కదలలేదు.

తిరుగుదారిలో ఆటో నడుపుతూ ఏడిపించాను. "అద్దాలు లేవు గదనే. క్లాసంత యూరియా వాసన."

"రానీ అన్నా. ఈడనే చేరుత."

ఆ మూడేళ్లూ ఆమెను దింపడానికి పోయినప్పుడు కరెంటు పోతే, పైనుంచి సారు పిలుపు వచ్చేది. "తమ్మీ, లైన్ల పొట్టోడు తక్కువున్నడు, రా." నేను ఏ జోకు వేసినా హాయిగా నవ్వి, "సరే, ఎందుకట్ల?" అని అడిగేవాడు. జవాబు కోసం తల గోక్కునేవాణ్ణి. దేన్నైనా ఎగతాళి చేయబోతే ఇప్పటికీ ఆ ప్రశ్న ముందు నాకే ఎదురవుతుంది.

ఆ కాలేజీ ఇప్పుడు లేదు; ఆ గదిలో ఎరువుల బస్తాలున్నాయి. సారూ లేడు. పద్మ నాగర్‌కర్నూల్‌లో పిల్లలకు కంప్యూటర్లు చెబుతోంది. కరెంటు పోతే వాళ్లను మిద్దె ఎక్కిస్తుందట.

మొన్న యూపీఎస్ అరవగానే, నాకు తెలియకుండానే ఆటో దిగి నిలబడ్డాను.

"ఎటు మామా?" అన్నాడు పక్క ఆటో శీను.

"మిద్దె మీద లైన్ల ఒకడు తక్కువున్నడు" అన్నాను.

వాడు ఎప్పటిలాగే జోకనుకుని నవ్వాడు.