బోనం కింద అమ్మ ముఖం

నా చిన్నప్పుడు అంటే మరీ పలకాబలపం నాటి సంగతి కాదు. ఇంటరు ఫలితాలు వచ్చి, ఇక ఈ పిల్లను ఏం చేయాలా అని ఇంటిల్లిపాదీ నా వంక చూస్తున్న రోజుల మాట. ఈ వయసులో కూర్చుని వెనక్కి చూసుకుంటే అప్పుడు నేను చిన్నపిల్లనే. ఛత్రినాకలో మాది రెండు గదుల ఇల్లు, మెట్లెక్కితే డాబా. బాపు, అంటే మా నాన్న, బస్సు డిపోలో మెకానిక్కు. జీతం బాపు తెచ్చినా ఇంట్లో మాట నెగ్గేది మాత్రం నాయనమ్మదే.

ఎదురింట్లో మిలటరీ కాక ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు, బాపు కంటే చిన్నవాడు కాబట్టి మాకు కాక. సైన్యంలో దెబ్బతిన్న జవాన్లకు కట్లు కట్టే పనిలో చాలా ఏళ్లుండి, డెబ్బై ఒకటి యుద్ధం కూడా చూసి, పింఛను మీద ఇంటికొచ్చాడు. గల్లీలో ఎవరి వేలు తెగినా, ఏ పిల్లల మోకాళ్లు చెక్కుకుపోయినా ముందు ఆయన అరుగు మీదికే పరుగు. యుద్ధం సంగతులు చెప్పమని వెంటపడితే, మెస్సులో పెట్టే అట్టల్లాంటి రొట్టెల గురించో, తన మాట లెక్కచేయని ఒక కంచరగాడిద గురించో చెప్పి నవ్వించేవాడు. అంతకు మించి ఆయన నోట ఒక్క ముక్క వచ్చేది కాదు.

నాకు కట్టు కట్టడం నేర్పింది ఆయనే. మిలటరీ ఆసుపత్రుల్లో ఆడపిల్లలను నర్సు చదువుకు తీసుకుంటారని, చదువూ తిండీ అన్నీ వాళ్లే చూసుకుంటారని, చదువు పూర్తయితే భుజం మీద నక్షత్రాలు పెట్టుకుని అధికారి అవ్వవచ్చని చెప్పింది కూడా ఆయనే. ఆ నక్షత్రాల మాట చెవిన పడిన దగ్గర నుంచి నాకు ఇంకో ధ్యాస లేదు. కాక చేతే దరఖాస్తు నింపించి పంపాను. పుణెకు ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు వచ్చింది. మా బస్తీ బోనాలు అయిన వారంలోనే వెళ్లాలి.

అంతకు ముందు ఎండాకాలంలో కాక నాకొక పరీక్ష పెట్టాడు. మధ్యాహ్నం పూట గల్లీ పిల్లలందరినీ పోగుచేసి, ఒక్కొక్కరి చెవిలో ఏదో చెప్పి, దెబ్బలు తగిలినట్టు నేల మీద పడుకోబెట్టాడు. ఒకడు కాలు పట్టుకుని గల్లీ దద్దరిల్లేలా మొత్తుకుంటూ దొర్లుతున్నాడు. ఇంకొకతె కళ్లు మూసుకుని అమ్మో అయ్యో అంటోంది. మా చెల్లెలు ఒక్కతే గోడకు చేరగిలబడి చప్పుడు చేయకుండా కూర్చుంది. నేను మొత్తుకునే వాడి దగ్గరికి పరుగెత్తి, నేర్చుకున్న విద్యంతా చూపించి, ముచ్చటగా కట్టు కట్టి లేచాను.

"కట్టు మస్తుగ కట్టినవ్ బిడ్డా. గని గా గోడ కాడి పొల్ల సచ్చిపోయింది" అన్నాడు కాక.

పిల్లలంతా గొల్లున నవ్వారు. చచ్చిపోయిన చెల్లెలు అందరికంటే గట్టిగా నవ్వింది. ఇది మోసం, దానికి దెబ్బ తగిలినట్టు నాకెలా తెలుస్తుందని నేను లొల్లి పెట్టాను. కాక నవ్వు ఆపేశాడు. "మొత్తుకునేటోనికి ఊపిరున్నదే. వాడు జరంత సేపు ఆగుతడు. సప్పుడు జెయ్యనోళ్ల కాడికి ముందుగాల పో. మొఖం జూడు, పెదవులు జూడు, గోర్లు జూడు. తక్కినోళ్లు ఎనుకకు" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. ఓడిపోయానన్న ఉక్రోషమే మిగిలింది.

పుణె పిలుపు వచ్చాక మా ఇంట్లో రోజూ పంచాయితీయే. "ఆడివిల్ల ఫౌజుల పోతదా? సిపాయిల నడుమ ఉంటదా? రేపు దీన్ని ఎవడు చేసుకుంటడు?" అని నాయనమ్మ పొయ్యి దగ్గర మొదలుపెడితే పడకేసే దాకా ఆపేది కాదు. బాపుకు నన్ను పంపాలనే ఉండేది, కానీ తల్లికి ఎదురు చెప్పడం ఆయనకు పుట్టుకతో రాదు. నేను అన్నం మానేసి అలిగేదాన్ని. ఇంత గొడవలో నోరు మెదపనిది మా అమ్మ ఒక్కతే. మౌనంగా ఉంది కాబట్టి ఆమె తన పక్షమేనని నాయనమ్మ అనుకునేది. నా పక్షమేనని నేను అనుకునేదాన్ని.

ఆ రోజుల్లో అమ్మ డాబా మెట్లెక్కేటప్పుడు సగంలో ఆగి గోడ పట్టుకునేది. పాత రేకు పెట్టెను తోమి, నా ప్రయాణం కోసం ఎండలో పెట్టడానికి పైకి తీసుకెళ్లిన రోజు రెండు సార్లు ఆగింది. ఏమైందని అడిగితే ఎండ అంది. కాళ్లు ఉబ్బి మెట్టెలు వేళ్లలోకి దిగబడేవి. పొద్దంతా నిలబడి పని చేస్తే అంతే మరి అనేది నాయనమ్మ. పడుకోకుండా గోడకు ఆనుకునే కునుకు తీసేది. అది ఆమె అలవాటని మేమంతా అనుకున్నాం.

చివరికి బాపు ఒక దారి కనిపెట్టాడు. మా బస్తీలో ఏ ఇంట్లోనైనా సంగతి ఎటూ తేలకపోతే దాన్ని బోనాల నాటి దాకా ఆపుతారు. బోనం ఎత్తిన ఆడవాళ్ల మీదికి అమ్మవారు వచ్చినప్పుడు ఎదురుగా చేతులు జోడించి అడుగుతారు. పెళ్లి సంబంధమైనా, ఇల్లు మారడమైనా ఆమె నోట ఏం వస్తే అదే ఖాయం. ఇక దాని మీద తిరుగు మాట ఉండదు. ఆ ఏడు మా ఇంటి బోనం ఎత్తేది అమ్మే. అమ్మవారు వస్తే పిల్లను పంపాలా వద్దా అని అడుగుదామని బాపు అంటే నాయనమ్మ కూడా కాదనలేకపోయింది. నేను మనసులోనే అమ్మవారికి వెయ్యి దండాలు పెట్టుకున్నాను.

బోనాల నాడు అమ్మ పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. కొత్త కుండలో బెల్లం అన్నం వండి, కుండకు పసుపు రాసి, వేపాకు కట్టి, పైన దీపం పెట్టి నెత్తికెత్తుకుంది. ముఖానికి నిండా పసుపు, రూపాయి కాసంత బొట్టు. మా అమ్మ అంత అందంగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ముందు అమ్మవారి తమ్ముడి వేషంలో పోతరాజు కొరడా ఝళిపిస్తుండగా, డప్పులు మోగుతుండగా గుడి వైపు కదిలాం. దారి పొడవునా బిందెలతో ఆమె కాళ్ల మీద నీళ్లు పోస్తున్నారు. ఆ నీళ్లలో ఆమె అడుగులు తడబడుతున్నాయి.

గుడి మలుపు దగ్గర అమ్మ ఆగిపోయింది. ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊగింది. "వచ్చింది! తల్లి వచ్చింది!" అని నాయనమ్మ కేక వేసింది. డప్పుల జోరు పెరిగింది. జనం చుట్టూ మూగారు. ఎవరో నిమ్మకాయలు తిప్పారు, ఎవరో సాంబ్రాణి పొగ తెచ్చి సరిగ్గా ఆమె ముఖం కింద పట్టారు. బాపు తడి నేల మీదే మోకాళ్లూని చేతులు జోడించాడు. "తల్లీ, బిడ్డను మిలటరీకి పంపాల్నా, వద్దా? నీ నోటితోనే చెప్పు తల్లీ" అని అడిగాడు.

అమ్మ పలకలేదు. బాపు మళ్లీ అడిగాడు. ఒకామె ముందుకొచ్చి తన కొడుకు కొలువు సంగతి కూడా అడిగింది. అయినా పలకలేదు. తల్లికి కోపమొచ్చిందని జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఇంతలో పక్క గల్లీ బోనమెత్తిన ఆమె జుట్టు విరబోసుకుని అరుస్తూ ఊగడం మొదలుపెట్టింది. అందరి తలలూ అటు తిరిగాయి. నేనూ అటే చూశాను. చూస్తూ చూస్తూ ఉండగా నాకు గోడకు చేరగిలబడ్డ చెల్లెలు గుర్తొచ్చింది.

తిరిగి అమ్మ వైపు చూశాను. పొద్దుటి నుంచి అందరమూ ఆమె నెత్తి మీది కుండనే చూస్తున్నాం. దాని కింది ముఖం చూశాను. అంత పసుపులోనూ పెదవులు నేరేడు పళ్లు తిన్నట్టు నీలంగా ఉన్నాయి. కుండ పట్టుకున్న చేతి గోళ్లూ అదే రంగు.

ముందు పొగను తోసేశాను. తర్వాత రెండు చేతులా ఆమె నెత్తి మీది బోనం దించేశాను. "ముట్టకు! తల్లి మీదున్నది!" అని నాయనమ్మ చెయ్యెత్తింది. ఊరేగింపు నడుమ బోనం దించడం ఎంత తప్పో నాకూ తెలుసు.

"తల్లి కాదు నాయనమ్మా, అమ్మకు ఊపిరాడుతలేదు!" అని అరిచాను.

నాయనమ్మ ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అమ్మ నా మీదికి ఒరిగింది. నలుగురూ ఆమెను నేల మీద పడుకోబెట్టబోతుంటే జనాన్ని చీల్చుకుని కాక వచ్చాడు. "పండబెట్టకుర్రి! కూసోబెట్టుర్రి! గాలి రానియ్యిర్రి!" అని కేకలేశాడు. మా గల్లీ చివరి రిక్షా భాయ్ ఎప్పుడు వచ్చాడో, హటో హటో అంటూ డప్పుల మధ్యలోంచే రిక్షా తోలుకొచ్చాడు. అమ్మను నా గుండెకు ఆనించుకుని కూర్చోబెట్టుకుని దవాఖానకు వెళ్లాం. దారంతా ఆమె ముఖం మీది పసుపు చెమటతో కరిగి నా ఓణీకి అంటింది.

చిన్నతనంలో కీళ్ల నొప్పులతో వచ్చిన జ్వరం ఆమె గుండె కవాటాన్ని పాడుచేసిందట. ఇన్నేళ్లుగా అది కొద్దికొద్దిగా మూసుకుపోతూ వచ్చిందట. మందులతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, అంతకు మించి తమ చేతుల్లో లేదని డాక్టరు చెప్పాడు. మర్నాడు అమ్మకు మాట వచ్చింది. నన్ను దగ్గరికి పిలిచి, "నాకు మస్తు దినాల సంది ఎరుకే బిడ్డా. నువ్వు పుణె పొయ్యొచ్చినంక చెప్దామనుకున్న. ముందుగాల చెప్తే నువ్వు పోకపోతుంటివి" అంది.

ఆమె మౌనం నాయనమ్మ పక్షమూ కాదు, అమ్మవారి కోపమూ కాదు. నన్ను రైలెక్కించే దాకా దాచుకున్న ఆయాసం అది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఆమె ఉబ్బిన కాళ్లు పట్టుకుని కూర్చున్నాను. మెట్టెలు దవాఖానలో ఎప్పుడో కోసి తీసేశారు.

సాయంత్రం దవాఖాన మెట్ల మీద కాక పక్కన కూర్చుని, వెళ్లాలా వద్దా అని అడిగాను.  దానికి బదులు ఆయన, నేను ఇన్నేళ్లూ అడిగిన యుద్ధం సంగతి చెప్పాడు. సరిహద్దులో ఒక కూలిన గోడ పక్కన చిన్న వయసు జవాను ఒకడు కూర్చుని ఉన్నాడట. కాలికి తూటా తగిలి అరుస్తున్న ఇంకొకడి దగ్గరికి కాక పరుగెత్తుతుంటే, ఆ పిల్లవాడు చెయ్యి ఊపి, ముందు వాడినే చూడమన్నట్టు నవ్వాడట. కాలికి కట్టు కట్టి వచ్చేసరికి గోడ దగ్గర ఆ నవ్వు అలాగే ఉంది, మనిషి లేడు. "వాని పేరు కూడ నాకు ఎరుకలేదు బిడ్డా" అని కాక తుండుగుడ్డతో ముఖం కప్పుకున్నాడు. ఆ ఎండాకాలం ఆటలో మా చెల్లెల్ని గోడకు ఆనించి ఎందుకు కూర్చోబెట్టాడో నాకు అప్పుడు అర్థమైంది.

నేను పుణె వెళ్లలేదు. బాపు వెళ్లమన్నాడు. నాయనమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ పొయ్యిరా అంది. అమ్మయితే తన మీద ఒట్టు పెట్టింది. నేను కదలకపోయేసరికి నాతో మాట్లాడడం మానేసి గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను రైలెక్కాల్సిన రోజు సాయంత్రం దాకా అలాగే కూర్చుని, ఇక రైలు లేదని తెలిశాక, "జర తల దువ్వు" అంది. ఆ తల దువ్వుతూ నేను ఎంత ఏడ్చానో ఆమెకు కనబడలేదు. ఆమె ఏడుపు నాకూ కనబడలేదు.

ఆ ఏడు బతుకమ్మను అమ్మ పీట మీద కూర్చునే పేర్చింది. చలికాలం దాటలేదు. ఆ మరుసటి ఏడు బాపు తానే దరఖాస్తు సంగతి ఎత్తాడు కానీ, చెల్లెల్నీ నాయనమ్మనూ వదిలి వెళ్లడానికి నాకు మనసు రాలేదు. ఇక్కడే నర్సు చదువు చదివి సర్కారు దవాఖానలో చేరాను. భుజం మీద నక్షత్రాలు లేకుండానే కొలువు ముగిసింది. అమ్మ తోమిన రేకు పెట్టె ఇప్పటికీ మంచం కింద ఉంది. ఏ వార్డులో అడుగు పెట్టినా సిస్టర్, సిస్టర్ అనే పిలుపులు దాటుకుని ముందు పిలవని మంచం దగ్గరికే నడిచేదాన్ని. తిట్లు కూడా తిన్నాను.

ఇప్పటికీ బోనాలు వస్తే మలుపు దగ్గర నిలబడతాను. మోకాళ్లు నొప్పి పెట్టినా వెళ్తాను. అందరూ బోనాలు చూస్తుంటే నేను వాటి కింది ముఖాలు చూస్తాను. ఎవరైనా ఊగుతూ మాట్లాడకుండా ఉంటే దగ్గరికి పోయి, "ఊపిరాడుతున్నదా బిడ్డా?" అని చెవిలో అడుగుతాను. అమ్మవారు మీదున్నప్పుడు అదేం ప్రశ్న అని కసురుకునేవాళ్లున్నారు. కసురుకోనీ. ఆ రోజు ఆ మలుపులో మా అమ్మను అందరం ఏదో ఒకటి అడిగాం. నా చదువు గురించి, ఎవరి కొడుకో కొలువు గురించి అడిగాం. ఈ ఒక్కటీ మాత్రం ఎవరమూ అడగలేదు.