మేము వద్దన్న పొట్టేలు

ప్రతి మే నెలలో, మా యువజన శిబిరంలో ఏదో ఒక పూట మా ఆయన నా గురించి ఒక కథ చెబుతారు. మా ఆయన పాస్టరు. మైకు చేతికొస్తే ఆయనకు ఆకలిదప్పులు ఉండవు. నేను ముందు వరుసలో ఆడపిల్లల పక్కన కొంగు సర్దుకుంటూ కూర్చుంటాను. ఆ కథలో నేను విశ్వాసవీరురాలిని. ఒక గొర్లకాపరి ఎల్లమ్మకు మొక్కిన పొట్టేలును మా వంటపందిరి దాకా తోలుకొస్తే, ఒక్క మాటతో వెనక్కి పంపిన మనిషిని. మొదటి ఏడాది అది మామూలు పొట్టేలే. తర్వాత్తర్వాత దానికి కొమ్ములు మెలితిరిగాయి, ఒళ్లు పెరిగింది, ఈసారైతే ఇద్దరు పట్టుకుంటే తప్ప ఆగలేదు. గొర్లకాపరి కూడా మారిపోయాడు. మొదట్లో పాపం అమాయకుడు, ఇప్పుడు మమ్మల్ని శోధించడానికి వచ్చినవాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉంటాను.

పొట్టేలు సైజు మాట వదిలేస్తే కథలో అబద్ధం పెద్దగా లేదు. నా బాధంతా అదే. అబద్ధమైతే లేచి నిలబడి కాదనేదాన్ని. నా నోరు అంత మెత్తనిదేమీ కాదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, సర్కారు గొర్రెలు పంచుతున్న రోజుల్లో, ఆ ఏటి శిబిరం మర్రిగూడ పక్క ఒక బడిలో పెట్టుకున్నాం. ఎండాకాలం సెలవులు కాబట్టి గదులు ఖాళీ. బోరు నీళ్లలో ఫ్లోరైడు, అవి గిన్నెలు కడగడానికే. తాగడానికి, వండడానికి ప్లాంటు నుంచి క్యాన్లు ఆటోలో తెప్పించేవాళ్లం. ఆడపిల్లలూ వంటా నా బాధ్యత. పిల్లల్ని పొద్దున లేపడం, స్నానాలకు వరుస కట్టించడం, ఫోన్లు లాక్కుని డబ్బాలో వేసి తాళం పెట్టడం, ఉప్మా మాడిందని వంటమనిషితో పోట్లాడడం, మధ్యలో పాఠం చెప్పడం. ఈ పనులన్నీ నేను అరుస్తూనే చేస్తాను. అరవకుండా ఎలా చేస్తారో నాకిప్పటికీ తెలియదు.

మా సంఘంలో పిల్ల ఒకతి తన బడి స్నేహితురాలిని వెంటబెట్టుకొచ్చింది. గొర్లకాపరుల పిల్ల, పదో తరగతికి వచ్చింది. అంతకుముందు వానాకాలంలో తల్లి జ్వరంతో పోయింది. అప్పటి నుంచి ఈ పిల్ల నోరు విప్పడం మానేసిందట. అన్నం పెడితే తింటుంది, పని చెబితే చేస్తుంది, మాట మాత్రం లేదు. దింపడానికి వచ్చిన తండ్రి గేటు దగ్గరే నిలబడ్డాడు. భుజం మీద గొంగడి, సరిగా చాచలేని మోకాళ్లు.

"మాది మీ మతం గాదమ్మా. నలుగురు పిల్లలల్ల ఉంటె జర మనసు కుదురుతదేమోనని పంపుతున్న" అన్నాడు.

"మా బిడ్డ లెక్క చూసుకుంటం అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఆ ఏడు మా అంశం మంచి కాపరి. చార్టు మీద గొర్రె బొమ్మ గీసి, దూది అంటించి, తెల్లగా మెత్తగా తయారుచేశాను. దాన్ని గోడకు పెట్టి పాఠం మొదలుపెట్టానో లేదో, వెనక వరుస నుంచి ఒక గొంతు వినిపించింది.

"గొర్రెలు గిట్లుండయి అమ్మగారూ."

గది మొత్తం వెనక్కి తిరిగింది. ఆ పిల్లే. నాకు కోపం రావాల్సింది, పాఠం మధ్యలో మాట్లాడితే నేను ఊరుకోను. కానీ ఆ పిల్ల నోట మాట రావడం అదే మొదలు.

"మరెట్లుంటయి బిడ్డా?" అన్నాను.

"నల్లగుంటయి. మూతికి మట్టి ఉంటది. గంత ముద్దుగ ఉండయి."

అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ సాయంత్రం పాటల దగ్గర కూడా గొంతు కలిపింది. తీయని గొంతేమీ కాదు. చెలక ఈ చివర నుంచి ఆ చివరనున్న మందకు వినిపించాల్సిన గొంతు, బొంగురుగా, భయం లేకుండా ఉంది. ఢోలక్ కొట్టే అబ్బాయి వాయించడం మరిచిపోయి చూశాడు. ముగింపు రోజు ఒక పాట ఆ పిల్ల ఒక్కతే పాడాలని అప్పటికప్పుడు నిర్ణయించాం. మరునాడు ప్రార్థనలో నేను కన్నీళ్లు పెట్టుకుని దేవునికి స్తోత్రం చెప్పాను. నా పాఠం వల్లే నోరు విప్పిందని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. కొంచెం కాదు, బాగానే పడ్డాను.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం తండ్రి వచ్చాడు. పలుపు చివర నల్లటి పొట్టేలు. కొమ్ములకు పసుపు రాసి ఉంది. గేటు తోసుకుని నేరుగా వంటపందిరి దగ్గరికి వచ్చి, తలపాగా తీసి నిలబడ్డాడు. మొహంలో అంత సంతోషం ఎప్పుడూ మోసి ఎరుగనివాడిలా తడబడుతున్నాడు.

"అమ్మా, గిది మీకు. పిల్లలందరికి వండిపెట్టుండ్రి."

నా మనసు కరిగింది. మా సంఘంలోనూ కోడినో, బియ్యమో, తొలి కాపు కందులో కృతజ్ఞతగా తెచ్చి ఇవ్వడం ఉంది. ఏ సందర్భమని అడిగాను. అడగకపోతే ఎంత బాగుండేదో.

"పిల్ల నోరిప్పితె పొట్టేలు ఇస్తనని ఎల్లమ్మకు మొక్కిన తల్లీ. మరి పిల్ల నోరిప్పింది మీ కాడ. నిన్న బట్టలిచ్చిపోదామని వచ్చి, గోడవతల నిలబడి నా చెవులార ఇన్న. గందుకే పొద్దుగాల ఎల్లమ్మ కాడికి పోయి చెప్పుకున్న. తల్లీ, ఇది నీకు గాదు, పిల్లకు నోరిచ్చిన దేవునికి ముట్టాలె, కోపం చెయ్యకు అని. చెప్పుకొనే తెచ్చిన."

అమ్మవారి ముందు నిలబడి నీకు కాదు అని చెప్పడానికి ఆ మనిషికి ఎంత ధైర్యం కావాలి! మా శిబిరాలకు వచ్చి సాక్ష్యాలు చెప్పేవాళ్లలో అంత ధైర్యం చేసినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఆయన నిజం దాచి ఊరకే ఇచ్చి ఉంటే మేం తినేవాళ్లం. నిజం చెప్పినందుకే నేను వద్దన్నాను.

విగ్రహాలకు అర్పించినది తినకూడదని ఆ ఉదయమే పిల్లలకు చెప్పి ఉన్నాను. చుట్టూ పిల్లలు పళ్లేలు పట్టుకుని నిలబడి నన్నే చూస్తున్నారు. ఎండ మండుతోంది, పప్పు ఇంకా ఉడకలేదు, వంటమనిషితో పొద్దుటి గొడవ ఇంకా నోట్లోనే ఉంది. ఇవన్నీ సాకులే. అసలు సంగతి, అంతమంది చూస్తున్నారని నా గొంతు పెరిగింది.

"ఎల్లమ్మకు మొక్కిన జీవాన్ని తెచ్చి దేవుని పిల్లలకు పెడ్తవా అన్నా? మేం ముట్టం. తీస్కపో."

"ఆమెకు ఇయ్యలేదు కదమ్మా. ఇంక కొయ్యనే లేదు."

"మొక్కినవు కదా! మొక్కితె ఇచ్చినట్టే. గేటు బయటికి తీస్కపో ముందు."

ఆయన కోప్పడలేదు. పలుపు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆమెకు వద్దని చెప్పి వచ్చిన. మీరూ వద్దంటున్నరు. మరి దీన్ని ఏం జెయ్యాలె తల్లీ?" అని నిజంగా తెలియక అడిగాడు.

పప్పు చూడడానికి తిరిగాను. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆ పిల్ల తన సంచి భుజాన వేసుకుని తండ్రి పక్కన నడుస్తోంది. గేటు దాటేదాకా ఒక్కసారైనా వెనక్కి చూడలేదు. ముగింపు రోజున ఆ పాట ఇంకెవరితోనో పాడించాం. మా ఆయన ఆ రోజే నా కథ మొదటిసారి చెప్పారు.

తర్వాత ఆ స్నేహితురాలి ద్వారా తెలిసింది, పిల్ల మళ్లీ మాట మానేసిందని. వెళ్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. వెళ్లి ఏం చెప్పాలి? బైబిలు వాక్యం తప్పని చెప్పాలా, నేను తప్పని చెప్పాలా? ఆదివారం తర్వాత ఆదివారం గడిచింది, తర్వాత కరోనా వచ్చింది, ఆ తర్వాత చెప్పుకోవడానికి సాకు కూడా మిగల్లేదు. కూరలో మాంసం ముక్క కనబడితే ఆ పలుపు చేతులు మారడం గుర్తొచ్చేది. ఎవరైనా శిబిరంలో కాపరి అనే మాట అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

ఈ ఏడు కథ అయిపోయాక, పళ్లేలు కడుగుతున్న చోట ఒక చిన్నపిల్ల నన్నడిగింది. "అమ్మగారూ, మరి గా పొట్టేలు ఏమైంది?"

ఇన్నేళ్లలో నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆ పిల్ల గురించి ఏడ్చాను, నా గురించి మరీ ఏడ్చాను, పొట్టేలు ఏమైందో మాత్రం అనుకోలేదు. ఆనాడు ఆ తండ్రి నన్ను అడిగిందేమో సరిగ్గా అదే.

శిబిరం ముగిసిన వారంలో ఒక్కదాన్నే ఆటో ఎక్కి వెళ్లాను. ముళ్లకంప దడి, లోపల రేకుల ఇల్లు, పక్కన గొర్ల దొడ్డి. ఆయన ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టి, గొంగడి పరిచి కూర్చోమన్నాడు. తుమ్మచెట్టు కింద, కట్టు లేకుండా, ఒక నల్లటి పొట్టేలు పడుకుని నెమరేస్తోంది. మా ఆయన కథలోలాగే కొమ్ములు మెలితిరిగి ఉన్నాయి. ఆ సంగతిలో కూడా ఆయన నిజమే చెప్పినట్టయింది.

"గదేనా?" అన్నాను.

"గదేనమ్మా. ఒగసారి నీకు గాదని చెప్పినంక, మల్ల ఏ మొఖం పెట్టుకొని ఎల్లమ్మకిస్త? అమ్ముదామంటె నాది గాదాయె. ఇచ్చినంక మీ దేవునిదే. ఎప్పుడన్న వస్తరని సాకుతున్న."

అంతలో పిల్ల వచ్చింది. పిల్ల కాదు, పెద్దదైంది. గడ్డిమోపు దించి, నన్ను చూసి, "వందనాలమ్మగారూ" అంది. మేం నేర్పిన పలకరింపే. మాట వచ్చిందని నాకు ప్రాణం లేచొచ్చింది. చేతులు పట్టుకుని, "నన్ను క్షమించు బిడ్డా" అన్నాను.

తను చేతులు మెల్లగా విడిపించుకుంది.

"నన్నేమనలేదు కదమ్మగారూ. అన్నది బాపును. బాపునడుగుండ్రి."

నిజమే. ఇన్నేళ్లూ నేను ఎవరికి బాకీ ఉన్నానో కూడా తప్పుగానే అనుకున్నాను. ఆయన వైపు తిరిగి చేతులు జోడించాను. "అన్నా, తప్పు నాది. నువ్వు తెచ్చింది మా దేవుడు వద్దనలేదు, నేనే అన్న." ఆయన సిగ్గుపడి, తలపాగా చెంగుతో మొహం తుడుచుకుని, "అయ్యో, గంత మాటెందుకమ్మా. తీస్కపోండ్రి మరి, ఇగ మీదే" అని పలుపు తెచ్చి పొట్టేలు మెడకు కట్టి నా చేతికిచ్చాడు.

పలుపు చేతికి రాగానే నా బరువు సగం దిగినట్టనిపించింది. తీసుకెళ్లి సంఘం ముందు నిలబెట్టి కథ మొత్తం తిరగరాద్దామని కూడా అనుకున్నాను. నా బుద్ధి అంతే. కానీ లాగితే పొట్టేలు కదల్లేదు. గట్టిగా లాగాను. కాళ్లు తన్నిపెట్టి నిలబడింది.

"గట్ల రాదమ్మా" అన్నాడాయన. "పిల్ల పాడుకుంట ముందల నడిస్తెనే వస్తది. మనుషుల ముందల పాడుడు ఆనాడే బందువెట్టింది గని, దీని కాడ పాడుతది. మీ కాడ నేర్చిన పాటనే."

పిల్ల తల వంచుకుని గడ్డిమోపు విప్పుతోంది.

చేతిలో పలుపు ఒక్కసారిగా బరువెక్కింది. మొదటిసారి వద్దని ఆ పిల్ల పాట పోగొట్టాను. ఇప్పుడు కావాలని మిగిలిన పాటను కూడా పట్టుకుపోతున్నాను. అలాగని వదిలేసి వెళితే అదే మనిషి ముందు రెండోసారి వద్దన్నట్టవుతుంది. అప్పుడు మా అమ్మగారి ఊళ్లో మేకల్ని పాలుకు ఇవ్వడం గుర్తొచ్చింది. ఒకరి జీవాన్ని ఇంకొకరు సాకుతారు, పుట్టిన పిల్లల్ని చెరిసగం పంచుకుంటారు.

"అన్నా, మాకు ముట్టింది. ఇగ మా పొట్టేలును మీ ఇంట్ల పాలుకు పెడుతున్న. నీ బిడ్డ సాకాలె" అన్నాను.

ఆయన వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. "పాలుకంటె పిల్లలల్ల సగం ఇయ్యాలె కదమ్మా. గిది పొట్టేలాయె, యాడికెల్లి తేవాలె?" అన్నాడు. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే నేను ఏడ్చాను. పలుపు తీసుకెళ్లి పిల్ల చేతిలో పెట్టాను. తీసుకుంది.

వచ్చే మే నెలలో మా ఆయన చేతిలోంచి మైకు తీసుకోవాలి. ఆ ధైర్యం ఉందో లేదో అప్పటిదాకా నాకు తెలియదు.

వాళ్ల దడి దాటి బాటకు మళ్లాను. నాలుగడుగులు వేశానో లేదో, దడి అవతల నుంచి పాట మొదలైంది. అదే బొంగురు గొంతు. ఆ ఏడు ముగింపు రోజున నేను వినాల్సిన పాట. అప్పుడు మా బడి గోడవతల ఆ తండ్రి నిలబడ్డట్టు, ఇప్పుడు నేను దడి ఇవతల నిలబడ్డాను. ఒక్క అడుగు వేస్తే నా చెప్పుల చప్పుడుకు ఎక్కడ ఆపేస్తుందోనని, చెప్పులు విప్పి చేత పట్టుకున్నాను. కాళ్ల కింద మట్టి కాలిపోతున్నా, పాట అయిపోయేదాకా కదల్లేదు.