నిన్ననే చెప్పినా కదా నాయనా

మా నాయనకు జ్ఞాపకశక్తి తిరిగొచ్చిన రోజున నేను సంతోషించలేదు. దొరికిపోయాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

పంతొమ్మిది వందల డెబ్భైల చివరి మాట. నాయన తిరుపతిలో గుడి ఆఫీసు గుమాస్తాగా రిటైరై, రోజూ తెల్లవారుజామున గుళ్లో గోష్ఠి ముందు వరుసలో నిలబడి ఆళ్వార్ల పాశురాలు చదివేవాడు. ఒకరోజు పాశురం మధ్యలో ఆగిపోయాడు. తర్వాతి వారంలో మూడుసార్లు. పెద్దలు మర్యాదగానే, ‘సామీ, కొన్నాళ్లు వెనక వరుసలో ఉండండి’ అన్నారు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. ‘నా చోటు పోయిందిరా’ అన్నాడు, అంతే.

నేను బ్యాంకు ఉద్యోగిని. ఏ కష్టానికైనా సీసాలో మందుంటుందని నమ్మేవాణ్ణి. సరస్వతి ఆకు లేహ్యం తెచ్చాను. నెలకు సరిపోయే డబ్బా నాలుగు రోజుల్లో ఖాళీ. తిన్న సంగతి మరిచి మళ్లీ తినేవాడు. నానబెట్టిన బాదంపప్పులయ్యాయి. తలకాయ బొమ్మ వేసిన టానిక్కు తెస్తే, తియ్యగా ఉందని సగం నేనే తాగేశాను. ఒళ్లు వచ్చింది గానీ తెలివి రాలేదు.

చివరికి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు నాయన నాలుక చూసి, అరికాళ్ల తిమ్మిరి సంగతి అడిగాడు.

‘సామి పాలు, పెరుగు తింటాడా?’

‘మానేసినాడు సార్. పడవేమో.’

‘మాంసం ఎట్లాగూ లేదు. ఒంట్లో బి పన్నెండు విటమిన్ తగ్గిపోయినట్టుండాది. ముసలివాళ్ల మరుపంతా వయసుదే కాదప్పా’ అని లివర్ సూదులు రాసిచ్చాడు. జంతువు కాలేయం నుంచి తీసిన సారం!

ఉల్లిపాయ వాసన తగిలిన గరిటెను కూడా గడప దాటనివ్వని మనిషికి ఈ మాట ఎట్లా చెప్పేది? చెప్పలేదు. సీసా మీది కాగితం గోటితో గీకేసి, కాంపౌండరుకు ఇచ్చేవాణ్ణి. అతను రోజు విడిచి రోజు సైకిలు మీద వచ్చి సూది వేసేవాడు.

‘ఇదేమి మందురా?’ అని నాయన ప్రతిసారీ అడిగేవాడు.

‘నిన్ననే చెప్పినా కదా నాయనా, మరిచిపోయినావా?’

‘అట్లనా’ అని తల వంచుకొని చేయి చాపేవాడు.

కాంపౌండరు వీధిలో సైకిలెక్కుతూ, ‘సామికి మరుపు పోతే తమరి గతేమి సార్?’ అన్నాడు. నవ్వాను.

నెలన్నర గడిచింది. ఒక శనివారం నాయన అదే ప్రశ్న వేశాడు. నేను అదే జవాబు చెప్పాను. ఈసారి తల వంచలేదు.

‘నిన్న శుక్రవారం. పొద్దున్నే మదనపల్లె బస్సెక్కినావు. నేను పండుకున్నాక ఇల్లు చేరినావు. యాడ చెప్పినావురా నాకు? బస్సులోంచి అరిచినావా?’

కాంపౌండరు సూది పట్టుకొని గోడవైపు తిరిగిపోయాడు. వాడి భుజాలు కదులుతున్నాయి.

ఉన్నదంతా చెప్పేశాను. ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. నాయన సీసా చేతిలోకి తీసుకొని, కాగితం గీకిన చోట వేలితో తడిమాడు.

‘మందు మందేరా. అడిగుంటే నేనే చేయి చాపేవాణ్ణి. నా మరుపును అడ్డం పెట్టుకొని నన్నే దబాయించినావే, అదీ పాపం.’ సీసా పక్కన పెట్టి మళ్లీ అందుకున్నాడు: ‘పెరుగు నాకు పడదని డాక్టరుకు చెప్పినావంట. నీకు ఉద్యోగమొస్తే ఇద్దరం కొండకు నడిచిపోతామని, అందాకా పాలు, పెరుగు మానేసి స్వామి దద్ధోజనంతోనే మళ్లీ ముడతానని మొక్కినాను. నీకు చెప్పినాను. ఆడిట్ కానీ నాయనా, ప్రమోషన్ రానీ నాయనా అన్నావు. ఎనిమిదేండ్లాయె. మనిద్దర్లో మరుపు ఎవరికిరా?’



ఆ నెలలోనే గోష్ఠిలో ఆయన్ను మళ్లీ ముందు వరుసకు పిలిచారు. కాళ్ల తిమ్మిరి తగ్గాక ఇద్దరం కొండ మెట్లెక్కాం, నాయన గొడుగు నా చేతిలో. ఆయన దారి పొడుగునా పాశురాలు చదువుతూనే ఉన్నాడు, ఒక్కచోటా ఆగలేదు. ఆగిందల్లా నేనే, ఆయాసంతో. పైన దర్శనమయ్యాక దొన్నెలోని దద్ధోజనం కళ్లు మూసుకొని తిన్నాడు. ఎనిమిదేళ్ల తర్వాతి మొదటి ముద్ద. క్షమించమని అడగబోయాను.

కళ్లు తెరిచి నా చేతులవైపు చూశాడు.

‘గొడుగేదిరా?’

దారిలో మండపంలో మరిచి వచ్చాను.

‘రేపు ఆ కాంపౌండరును రెండు సూదులు తెమ్మను’ అని, దొన్నెలో మిగిలింది నా చేతిలో పెట్టాడు.